న్యూయార్క్ జాజ్ క్లబ్బులు: జెర్సీ తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. పగలు అందరిలాగే కంప్యూటర్ ముందు ఉద్యోగం. నెలకు రెండు మూడుసార్లు సాయంత్రం రైలెక్కి మన్‌హట్టన్‌లో ఏదో ఒక జాజ్ క్లబ్బుకు వెళ్లొస్తాను. ఈ సంగతి బయటపడినప్పటి నుంచి ఆఫీసులో జూనియర్లు, గుడిలో కలిసే ఆంటీలు, ఇండియా నుంచి కొత్తగా దిగిన కజిన్ల ఫ్రెండ్స్ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను. ధరలు, టైములు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఆ క్లబ్ సైట్ ఒకసారి చూసుకోండి.

క్లబ్ అంటే డీజే, డాన్స్ ఫ్లోర్, గుమ్మంలో బౌన్సర్లు, అదే కదా?

కాదు. మనకు క్లబ్ అనగానే జూబ్లీహిల్స్ పబ్బులు గుర్తొస్తాయి, పెద్దవాళ్లకైతే పేకాట గుర్తొస్తుంది. జాజ్ క్లబ్బులో ఆ రెండూ ఉండవు. ఒక చిన్న గది, అరచేతంత టేబుళ్లు, ఎదురుగా నలుగురైదుగురు వాయించేవాళ్లు. అందరూ కూర్చుని వింటారు. లేచి ఆడదామన్నా చోటుండదు. మన కచేరీ లాంటిదే, కాకపోతే చేతి పక్కన ఒక గ్లాసు ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఆ 'క్లబ్' అనే మాట దగ్గరే ఆగిపోతారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా టైమ్స్ స్క్వేర్ చూపిస్తారు, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ చూపిస్తారు, ఇక్కడికి మాత్రం రారు. నేనూ మొదటి ఆరేళ్లు అంతే.

మొత్తం ఎంతవుతుంది?

అందరూ ముందు అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. బిల్లు మూడు ముక్కలుగా వస్తుంది. మొదటిది టికెట్, దీన్నే కవర్ ఛార్జీ అంటారు. ఇది ఒక సెట్‌కు, అంటే సుమారు గంటా పావు సంగీతానికి. రాత్రికి సాధారణంగా రెండు సెట్లుంటాయి. ఎనిమిదింటి సెట్‌కు టికెట్ కొంటే పదింటి సెట్‌కు కూర్చోనివ్వరు, గది ఖాళీ చేయిస్తారు. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

రెండోది మినిమమ్. టికెట్ కాక టేబుల్ దగ్గర కనీసం ఇంత కొనాలన్న రూల్. కొన్నిచోట్ల 'ఒక డ్రింక్' అంటారు, కొన్నిచోట్ల మనిషికి ఇన్ని డాలర్లని లెక్క కడతారు. డ్రింక్ అంటే మందే అవక్కర్లేదు, సోడా అయినా కాఫీ అయినా లెక్కే. మూడోది టిప్పు. తిన్నదాని మీద, తాగినదాని మీద 18 నుంచి 20 శాతం. వీటితోపాటు న్యూయార్క్ నగరపు అమ్మకం పన్ను 8.875 శాతం.

లెక్క వేసి చూద్దాం. టికెట్ 40 డాలర్లు అనుకోండి, ఒక సోడా, పన్ను, టిప్పు, ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు కలిపితే మనిషికి 50 దాటి 60 లోపు తేలుతుంది. రైలు ఛార్జీ వేరు. పేరున్నవాళ్లు పెద్ద క్లబ్బులో వాయిస్తుంటే టికెట్టే 80, 100 పలుకుతుంది. చిన్న క్లబ్బుల్లో 30లో కూడా అయిపోవచ్చు.

ఒక జాగ్రత్త. బిల్లులో టిప్పు ముందే కలిపేశారేమో చూసుకోండి. నా రెండో ట్రిప్పులోనో మూడో ట్రిప్పులోనో ఒక క్లబ్బులో (పేరెందుకులెండి) చీకట్లో బిల్లు సరిగా చూడకుండా, అప్పటికే 20 శాతం సర్వీస్ ఛార్జీ వేసి ఉన్నదాని మీద మళ్లీ 20 శాతం రాసి సంతకం పెట్టి వచ్చాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చూసి చెప్పింది. ఇప్పటికీ ఎక్కడ బిల్లొచ్చినా ఫోన్ టార్చి వేసి ఆవిడే చదువుతుంది.

మేం మందు తాగం. వింతగా చూస్తారా?

చూడరు. జింజర్ ఏల్ చెప్పండి, క్రాన్‌బెర్రీ జ్యూస్ చెప్పండి, నిమ్మకాయ ముక్క వేసిన సోడా చెప్పండి. వెయిట్రెస్‌కు కావలసింది ఆర్డరు, అందులో ఏముందో ఆమెకు అనవసరం. పక్క టేబుల్ వాళ్లు అసలు మీ వైపే చూడరు. సిగరెట్ పొగ కూడా ఉండదు, 2003 నుంచి న్యూయార్క్ బార్లలో లోపల కాల్చడం నిషేధం. పాత ఫొటోల్లో కనిపించే పొగ మేఘాలన్నీ ఆ కాలం నాటివి.

వయసు రూల్ ఏమిటి? ఐడీ అడుగుతారా?

మందు కొనాలంటే 21 నిండాలి. లోపలికి రావడానికి మాత్రం ఒక్కో క్లబ్బుది ఒక్కో పద్ధతి, పిల్లల్ని పెద్దవాళ్లతో రానిచ్చేవి కూడా ఉన్నాయి. మీ జుట్టు సగం నెరిసినా ఐడీ అడగొచ్చు, నవ్వుకుని చూపించండి. అమెరికా డ్రైవింగ్ లైసెన్స్ లేనివాళ్లు పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి. ఆధార్, ఇండియా లైసెన్స్ చూపించి లోపలికి పోదామనుకుంటే గుమ్మం దగ్గర వాదన తప్పదు, అందులో మీరు గెలవరు.

మొదటిసారి ఎక్కడికి వెళ్లాలి?

నన్నడిగితే విలేజ్ వాన్‌గార్డ్. వేరే సలహాలు కూడా చెప్తాను గానీ ముందు దీని సంగతి వినండి.

గ్రీనిచ్ విలేజ్‌లో సెవెన్త్ అవెన్యూ సౌత్ మీద ఒక ఎర్ర తలుపు, పైన నియాన్ బోర్డు. తలుపు తీస్తే నిటారుగా 15 మెట్లు కిందికి. కింద త్రికోణంలా ఉండే సెల్లార్, వెడల్పు వైపు నుంచి సన్నబడుతూ వెళ్లి ఆ కొనలో స్టేజి. పట్టేది 123 మంది. మాక్స్ గోర్డన్ అనే ఆయన 1935లో ఈ సెల్లార్‌లో క్లబ్ పెట్టాడు. మొదట్లో కవిత్వం, కామెడీ నడిచేవి, 1950ల్లో పూర్తిగా జాజ్‌కు మళ్లింది. ఆయన 1989లో పోయాక భార్య లొరైన్ నడిపింది, 2018లో ఆవిడ కూడా పోయాక కూతురు డెబొరా చూసుకుంటోంది. శాక్సాఫోన్ వాయించే సానీ రోలిన్స్ 1957లో, పియానిస్ట్ బిల్ ఎవాన్స్, ఇంకో శాక్సాఫోన్ ఆయన జాన్ కోల్ట్రేన్ 1961లో ఇక్కడ వాయించినవి రికార్డులుగా వచ్చాయి. ఎవాన్స్ రికార్డింగులో పియానో వెనక గ్లాసులు తగిలిన చప్పుడు, ఎవరో మాట్లాడుకుంటున్న గొణుగుడు వినిపిస్తాయి. అది విన్నాక ఈ గదికొచ్చి కూర్చుంటే, మన గ్లాసు చప్పుడు కూడా అందులో కలుస్తుందేమోనని జాగ్రత్తగా కింద పెడతాం.

సోమవారం వెళ్లగలిగితే ఇంకా మంచిది. 1966 ఫిబ్రవరి నుంచి సోమవారాలు అక్కడ పెద్ద బృందం వాయిస్తోంది. థాడ్ జోన్స్, మెల్ లూయిస్ మొదలుపెట్టారు, ఇప్పుడు వాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా అంటారు. పదహారు మంది ఆ ఇరుకు కొనలో ఎలా పడతారో చూడటమే ఒక వినోదం. ట్రాంబోన్ జారుడు గొట్టం ముందుకొచ్చినప్పుడు ముందు వరుసలో కూర్చున్నవాళ్లు కాస్త వెనక్కి వంగుతారు. మైకుల అవసరం పెద్దగా ఉండదు. ఇత్తడి వాయిద్యాలన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే ఆ గాలి పొట్టలో తగులుతుంది. తిరనాళ్లలో డప్పుల పక్కన నిలబడ్డవాళ్లకు ఎలా ఉంటుందో తెలుసు కదా, అదే.

సీట్లు ముందొచ్చినవాళ్లకు ముందు. స్తంభం వెనక పడకూడదంటే తలుపులు తీసే టైముకే వెళ్లండి. తిండి ఉండదు.

పక్కనే వెస్ట్ టెన్త్ స్ట్రీట్‌లో స్మాల్స్ ఉంది, 1994లో పెట్టారు, అదీ సెల్లారే. కుర్రాళ్లు ఎక్కువ, టికెట్ తక్కువ, రాత్రి బాగా పొద్దుపోయేదాకా నడుస్తుంది. అదే వీధిలో మెజ్రో, పియానో వినడానికి. పెద్ద పేర్లు, భోజనం కావాలంటే వెస్ట్ థర్డ్ స్ట్రీట్‌లో బ్లూ నోట్, 1981 నాటిది. టేబుళ్లు మరీ దగ్గరగా ఉంటాయి, పక్కవాళ్ల ప్లేటులో మీ మోచెయ్యి పెట్టకుండా చూసుకోవాలి. మిడ్‌టౌన్‌లో బర్డ్‌లాండ్. పేరు శాక్సాఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ ముద్దుపేరు 'బర్డ్' నుంచి వచ్చింది, 1949లో మొదలైంది, ఇప్పుడున్నది మాత్రం ఆ పాత చోటు కాదు. కొలంబస్ సర్కిల్‌లో డిజ్జీస్ క్లబ్ ఐదో అంతస్తులో ఉంటుంది, స్టేజి వెనకంతా అద్దం, అందులోంచి సెంట్రల్ పార్క్. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు, మెట్లు దిగలేనివాళ్లకు ఇదే సుఖం.

డ్రెస్ ఎలా?

జీన్స్, ఉతికిన చొక్కా చాలు. చలికాలం కోటు పెట్టుకోవడానికి చోటుండదు, కుర్చీ వెనక వేలాడేసుకోవాలి. లావుపాటి బ్యాగులు తేకండి.

జాజ్ గురించి నాకేమీ తెలియదు. అర్థమవుతుందా?

మీకు కర్ణాటక సంగీతం కొంచెమైనా చెవిన పడి ఉంటే మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే తెలుసు. చిన్నప్పుడు రేడియోలో త్యాగరాజ ఆరాధన విని ఉన్నా చాలు.

ఒక కీర్తన తీసుకోండి. అందరికీ తెలిసినదే. విద్వాంసుడు దాన్ని పాడతాడు, మధ్యలో ఒక పంక్తి పట్టుకుని నెరవు, తర్వాత కల్పనస్వరాలు, అవన్నీ అప్పటికప్పుడు అల్లినవే. మళ్లీ పల్లవికొచ్చి ముగిస్తాడు. జాజ్‌లో కూడా ఇంచుమించు ఇదే వరస. అందరికీ తెలిసిన ట్యూన్లుంటాయి, వాటిని స్టాండర్డ్స్ అంటారు. ముందు ట్యూన్ వాయిస్తారు, దీన్ని 'హెడ్' అంటారు. తర్వాత శాక్సాఫోన్, పియానో, బేస్ (నిలువెత్తు తీగెల వాయిద్యం) వంతులవారీగా అల్లుకుంటారు, ఒక్కొక్కరి వంతును సోలో అంటారు. చివర్లో మళ్లీ హెడ్. అంతే.

తేడా ఎక్కడంటే, మనకు రాగం నిలకడగా ఉంటుంది, తంబురా ఒక్క శ్రుతి మీదే ఉంటుంది. వీళ్లకు కింద కార్డులు (chords, ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుతూ పోతాయి. చాలా స్టాండర్డ్స్‌లో 32 బార్ల ఆవృత్తం ఉంటుంది (ఈ బార్ మందు బార్ కాదు, తాళంలో ఒక కొలత, సాధారణంగా నాలుగు దెబ్బలు), ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు. మొదటి రెండు ఒకేలా, మూడోది వేరే (దీన్ని బ్రిడ్జి అంటారు), నాలుగోది మళ్లీ మొదటిలా. సోలో ఎంత దూరం పోయినా కింద ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. మొదటిసారి మీరు చేయాల్సిన పని ఒక్కటే. మనసులో హెడ్‌ను పాడుకుంటూ ఉండండి, పైన వాళ్లేం వాయిస్తున్నా సరే. మూడో ముక్క వచ్చినప్పుడు రంగు మారడం తెలిస్తే ఇక మిమ్మల్ని ఎవరూ ఆపలేరు.

తాళం వేసే అలవాటున్నవాళ్లకు ఒక ఇబ్బంది వస్తుంది. మనం భజనలో ఒకటో దెబ్బ మీద చప్పట్లు కొడతాం. వీళ్ల ఊపు రెండు, నాలుగు మీద ఉంటుంది. డ్రమ్మర్ ఎడమ పాదం కింద రెండు తాళాలు 'చిక్' అని మూసుకునేది ఆ రెండింటి మీదే. దాన్ని పట్టుకోండి.

ఇంకొకటి. సెట్‌లో ఎక్కడో ఒకచోట శాక్సాఫోన్ నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు, అలా మార్చి మార్చి వాయిస్తారు. మృదంగం, ఘటం తని ఆవర్తనంలో ఒకరిది ఒకరు అందుకుని, కుదిస్తూ పోవడం చూశారు కదా. మా నాన్నగారు దీన్ని మొదటిసారి చూసి 'ఓహో, వీళ్లకూ ఉందన్నమాట' అన్నారు, తొడ మీద వేళ్లతో లెక్క వేసుకుంటూ.

మన సంగీతానికి, జాజ్‌కు అసలు సంబంధం ఏమైనా ఉందా, లేక మీరు అంటగడుతున్నారా?

పోలిక నాది, సంబంధం మాత్రం నిజమే. జాన్ కోల్ట్రేన్ సితార్ విద్వాంసుడు రవిశంకర్ సంగీతాన్ని ఎంత ఇష్టపడ్డాడంటే 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టాడు. ఆ రవి కోల్ట్రేన్ ఇప్పుడు పేరున్న శాక్సాఫోన్ కళాకారుడు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జాజ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్‌లతో కలిసి రిమెంబర్ శక్తి అనే బృందంలో వాయించాడు. బ్రూక్లిన్ రాగ మాసివ్ అనే కళాకారుల బృందం ఉంది, హిందుస్తానీ, కర్ణాటక, జాజ్ నేర్చినవాళ్లు కలిసి కూర్చుని వాయిస్తారు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే అలాంటి చోటికి తీసుకెళ్లండి. శనివారం క్లాసుల మీద విసుగు కాస్త తగ్గొచ్చు.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? మాట్లాడొచ్చా?

సోలో అయిపోయినప్పుడు కొట్టాలి, పాట మధ్యలోనే అయినా సరే. ఎప్పుడైందో తెలియకపోతే పక్కవాళ్లను చూడండి. మంచి మలుపు దగ్గర 'యా' అనో 'హూ' అనో అంటారు, మన 'భళా' లాంటిదే.

మాటలు మాత్రం వద్దు. పెద్దపెద్ద బార్లలో వెనక వాయిద్యం నడుస్తుంటే ఎవరి కబుర్లు వాళ్లవి, కానీ వాన్‌గార్డ్ లాంటి చోట్ల గుసగుస కూడా వినిపిస్తుంది. ముఖ్యంగా బేస్ సోలో అప్పుడు. మిగతావాళ్లంతా ఆగిపోతారు, ఆ మోటు తీగెల శబ్దం ఒక్కటే ఉంటుంది, సరిగ్గా అప్పుడే మనవాళ్లకు 'పార్కింగ్ ఎంతకు పెట్టావురా' అని అడగాలనిపిస్తుంది. అడక్కండి.

ఫోన్ జేబులో పెట్టేయండి. వీడియో తీయనివ్వని క్లబ్బులు చాలా ఉన్నాయి. తియ్యొద్దని మర్యాదగానే చెప్తారు, గానీ గదంతా మీ వైపు చూస్తుంది.

జామ్ సెషన్ అంటారు, అదేమిటి?

అసలు ప్రోగ్రాం అయిపోయాక, రాత్రి పొద్దుపోయాక, ఎవరైనా వచ్చి వాయించొచ్చు. నాకు వీటన్నిట్లో ఎక్కువ ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇక్కడ తప్పులు కనిపిస్తాయి.

ఒక చలికాలం రాత్రి ఒంటిగంటకు ఒక సెల్లార్‌లో ఉన్నాను. ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, శాక్సాఫోన్ పెట్టె మోకాళ్ల మధ్య పెట్టుకుని గోడవారగా గంటన్నర కూర్చున్నాడు. మధ్యమధ్యలో రీడ్ (వాయిద్యం మూతికి బిగించే సన్నటి బద్ద) నోట్లో పెట్టుకుని తడుపుకుంటున్నాడు, మళ్లీ తీసేస్తున్నాడు. చివరికి పిలిచారు. ట్యూన్ పేరు చెప్పాడు, ఏ కీలో (అంటే ఏ శ్రుతిలో) అని పియానో ఆయన అడిగాడు, చెప్పాడు, డ్రమ్మర్ లెక్కపెట్టాడు. హెడ్ బాగానే అయింది. సోలో రెండో చక్రంలో బ్రిడ్జి దగ్గర దారి తప్పాడు. గదిలో సగం మందికి తెలిసిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు పియానో ఆయన, అరవై దాటిన మనిషి, అటు చూడనైనా చూడకుండా బ్రిడ్జి తర్వాత వచ్చే మొదటి కార్డును కాస్త గట్టిగా, ఒక్క క్షణం ముందుగా వేశాడు. ఇదిగో ఇక్కడున్నాం అన్నట్టు. కుర్రాడు దాన్ని పట్టుకుని ఎక్కేశాడు. బండి కదిలాక చెయ్యిచ్చి లోపలికి లాగినట్టు. సోలో అయ్యాక అందరికన్నా ఎక్కువ చప్పట్లు ఆ కుర్రాడికే పడ్డాయి.

ఈ క్లబ్బులన్నీ ఇంత ఇరుగ్గా, భూమి కిందే ఎందుకున్నాయి?

అద్దె ఒక కారణం. చప్పుడు పైకి పోదు, అదొక కారణం. మూడో కారణం పాత చట్టాలు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. దొంగచాటు బార్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి, జాజ్ చాలామటుకు వాటిలో పెరిగింది. 1926లో న్యూయార్క్ నగరం కాబరే చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా బార్లో డాన్స్ కూడదని, సంగీతం మీద కూడా ఆంక్షలు పెట్టింది. తర్వాతి రోజుల్లో లైసెన్సు లేని చోట ముగ్గురికి మించి వాయించకూడదన్నారు, అందులోనూ తీగెలు, పియానో లాంటివైతే సరే, డ్రమ్స్, బాకాలు వద్దన్నారు. శాక్సాఫోన్ లేకుండా జాజ్ ఎలాగో వాళ్లకే తెలియాలి. 1980ల చివర్లో కోర్టు దాన్ని కొట్టేసింది. డాన్స్ మీద మిగిలిన చట్టం 2017లో గానీ పోలేదు.

అంతకన్నా అన్యాయమైనది కాబరే కార్డు. 1940 నుంచి 1967 వరకు క్లబ్బులో వాయించాలన్నా పాడాలన్నా పోలీసులిచ్చే కార్డు ఉండాలి. కేసు పడితే కార్డు పీకేసేవారు. గాయని బిల్లీ హాలిడేకు 1947లో పోయింది, కార్నెగీ హాలులో పాడగలదు గానీ న్యూయార్క్ క్లబ్బుల్లో పాడటానికి వీల్లేదు. పియానిస్ట్ థెలోనియస్ మంక్‌కు 1951లో పోయి 1957లో గానీ తిరిగి రాలేదు. అప్పటికి మంక్‌కు ముప్ఫైలు, చెయ్యి మంచి ఊపులో ఉన్న ఏళ్లు. సొంత ఊళ్లో క్లబ్బుల్లో వాయించలేక గడిచిపోయాయి.

హార్లెమ్‌కు వెళ్లొచ్చా? సేఫేనా?

వెళ్లండి. ఈ ప్రశ్న అడిగేటప్పుడు మనవాళ్ల గొంతులో వినిపించే భయం నాకు నచ్చదు, సూటిగానే చెప్తున్నాను. ఈ సంగీతంలో సగం అక్కడే తయారైంది. 118వ వీధిలో మింటన్స్ ప్లేహౌస్‌లో 1940ల మొదట్లో మంక్, డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ లాంటివాళ్లు అర్ధరాత్రి జామ్‌లలో బీబాప్ అనే కొత్త జాజ్ పద్ధతిని అల్లారు. 125వ వీధిలో అపోలో థియేటర్ అమెచ్యూర్ నైట్ 1934లో మొదలైంది, ఆ ఏడాదే పదిహేడేళ్ల ఎల్లా ఫిట్జెరాల్డ్ గెలిచింది. డాన్స్ చేద్దామని వచ్చి, ముందు ఆడినవాళ్లను చూసి బెదిరి, పాడేసిందట. అదే హార్లెమ్‌లో కాటన్ క్లబ్ ఉండేది. స్టేజి మీద బృందం నడిపే డ్యూక్ ఎల్లింగ్టన్, మిగతావాళ్లంతా నల్లవాళ్లే, కింద కూర్చోవడానికి మాత్రం తెల్లవాళ్లకే ప్రవేశం. అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టిన కఫే సొసైటీ 1938లో గ్రీనిచ్ విలేజ్‌లో వచ్చింది.

హార్లెమ్‌లోనే మార్జొరీ ఎలియట్ అనే పియానిస్ట్, చనిపోయిన కొడుకు జ్ఞాపకంగా, తన అపార్ట్‌మెంట్ హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఏళ్లతరబడి ఉచితంగా కచేరీలు పెట్టింది. మడత కుర్చీలు, వంటింటి గుమ్మం దాకా జనం. మన ఇళ్లలో శ్రీరామనవమికి కూర్చున్నట్టే.

రాత్రిపూట జాగ్రత్త ఏ ఊళ్లో అయినా ఒకటే. జనం ఉన్న వీధిలో నడవండి, ఫోన్ చూసుకుంటూ నడవకండి.

ఆడపిల్లలు ఒక్కళ్లే వెళ్లొచ్చా?

మా ఆవిడ మాటే రాస్తున్నాను. 'సినిమా హాలుకు ఒక్కదాన్నే వెళ్లడం కన్నా ఇదే నయం. బార్ దగ్గర స్టూలు మీద కూర్చుంటే ఎవరూ పలకరించరు, అందరూ స్టేజి వైపే చూస్తుంటారు. ఇబ్బందల్లా తిరుగు ప్రయాణమే.' తను పదింటి సెట్‌కు ఒంటరిగా వెళ్లదు, ఎనిమిదింటిదే చూసుకుంటుంది.

శాకాహారం దొరుకుతుందా?

తినేసి వెళ్లండి. విలేజ్‌లో మక్‌డూగల్ స్ట్రీట్‌లో ఫలాఫెల్ కొట్లున్నాయి, శనగలతో చేస్తారు, ఇంచుమించు మన మసాలా వడే. భోజనం పెట్టే క్లబ్బుల్లో సలాడ్, ఫ్రైస్ తప్ప మనకు పెద్దగా ఏమీ ఉండవు, పైగా ఖరీదు.

రాత్రి జెర్సీకి ఎలా తిరిగి రావాలి?

న్యూయార్క్ సబ్‌వే 24 గంటలూ నడుస్తుంది. వాన్‌గార్డ్, స్మాల్స్ నుంచి క్రిస్టొఫర్ స్ట్రీట్ స్టేషన్‌లో 1 నంబరు రైలెక్కితే ఐదో స్టాపు పెన్ స్టేషన్. జెర్సీ సిటీ వాళ్లు అదృష్టవంతులు, జెర్సీకి పోయే పాత్ (PATH) రైలు ఆ పక్క వీధిలోనే ఆగుతుంది, రాత్రంతా ఉంటుంది, కాకపోతే పొద్దుపోయాక చాలాసేపు ఎదురుచూడాలి. మెట్రోపార్క్, ఎడిసన్ వాళ్లం మాత్రం అర్ధరాత్రి దాటాక యాప్‌లో టైము చూసుకోకుండా లేవకూడదు. ఆఖరి రైలు పోతే మళ్లీ తెల్లవారుజాము దాకా లేదు. నేనొకసారి జామ్ సెషన్ మత్తులో (సంగీతం మత్తే) రైలు పోగొట్టుకుని పెన్ స్టేషన్‌లో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను, పొద్దున తొమ్మిదింటి స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆఫ్.

కారులో వెళ్తే తాగకండి. ఇది ఊరికే నీతి చెప్పడం కాదు, లెక్క చూడండి. న్యూయార్క్‌లో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే డీడబ్ల్యూఐ (తాగి బండి నడిపిన కేసు), 0.05 దాటినా కేసు పెట్టొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో పెద్ద టెన్షన్ ఉంది. కేసు తేలకముందే, అరెస్టు ఒక్కదాని మీదే, పాస్‌పోర్టులోని వీసా స్టాంపును అమెరికా విదేశాంగ శాఖ రద్దు చేయగలదు. ఇక్కడ ఉద్యోగం వెంటనే పోకపోవచ్చు. కానీ ఇండియా వెళ్తే మళ్లీ స్టాంపింగ్, మెడికల్ పరీక్ష, ఎప్పుడొస్తామో తెలియదు. నాకు తెలిసిన ఒకతను చెల్లెలి పెళ్లికి వెళ్లలేకపోయింది ఇందుకే.

జాజ్ కాకుండా రాక్ అలాంటివి?

బోలెడున్నాయి, బ్రూక్లిన్‌లో ఎక్కువ. నాకు అంత పట్టు లేదు. బావరీ వీధిలో సీబీజీబీ అనే ఇరుకు బార్ 1973 నుంచి 2006 దాకా ఉండేది, రమోన్స్, టాకింగ్ హెడ్స్ అనే రాక్ బృందాలు అక్కడినుంచే వచ్చాయి. అద్దె గొడవతో మూతపడి ఆ చోట ఖరీదైన బట్టల కొట్టు వచ్చింది. అటువైపు వెళ్లేవాళ్లు చెవుల్లో పెట్టుకునే దూది లాంటి ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి.

డబ్బు పెట్టకుండా వినాలంటే?

ఆగస్టు చివర్లో చార్లీ పార్కర్ జాజ్ ఫెస్టివల్ జరుగుతుంది, పార్కుల్లో, ఉచితం. దుప్పటి, పులిహోర డబ్బా తీసుకెళ్లండి, మేం అదే చేస్తాం. వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో ఎండ కాసిన రోజు ఎవరో ఒకరు వాయిస్తూనే ఉంటారు, టోపీలో రెండు డాలర్లు వేయడం మర్యాద. స్టూడెంట్ ఐడీ ఉన్నవాళ్లు కొన్ని క్లబ్బుల్లో తగ్గింపు ఉందేమో అడగండి, అడిగితే పోయేదేం లేదు.

పగటిపూట చూడదగ్గవి?

ఒక్కటి చెప్తాను. ఫ్లషింగ్ గణేశ్ గుడికి ఎలాగూ వెళ్తారు, కింద క్యాంటీన్‌లో దోసె తింటారు. తిరిగి 7 నంబరు రైలెక్కి దారిలో 103వ వీధి, కరోనా ప్లాజాలో దిగండి. అక్కడికి నడిచే దూరంలో ట్రంపెట్ వాయించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు. ప్రపంచమంతా తెలిసిన మనిషి, ఎక్కడైనా బంగళా కట్టుకోగలిగిన మనిషి, 1943 నుంచి 1971లో పోయేదాకా ఈ మామూలు ఇంట్లోనే, మామూలు వీధిలోనే ఉన్నాడు. ఇప్పుడది మ్యూజియం. నీలిరంగు వంటిల్లు చూడండి. ఏ రోజుల్లో తెరుస్తారో ముందే చూసుకుని వెళ్లండి.

డిసెంబర్ 31 రాత్రి వెళ్దామనుకుంటున్నాం. ఏ క్లబ్ మంచిది?

ఏదీ వద్దు. మామూలు రోజుకు రెండింతలు, మూడింతలు గుంజుతారు, భోజనం ప్యాకేజీ అంటగడతారు, సంగీతం మీద ఎవరికీ ధ్యాస ఉండదు. ఆ డబ్బు దాచుకుని జనవరిలో వింటర్ జాజ్‌ఫెస్ట్‌కు రండి. ఒక్క పాసుతో రాత్రంతా ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్బుకు తిరగొచ్చు. చలికి మంకీ టోపీ మర్చిపోకండి, క్యూలు బయటే ఉంటాయి.